ఎనిమిది పేజీల ఫినీషియన్లు

1979, మాఘమాసం. అప్పుడు నేను తిరుపతిలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటర్ని. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసలు పేర్చడం నా పని. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు తప్ప వేరే సాహిత్యం ఎరగని నాకు, పుత్తూరు నుంచి ఒక రిటైరైన చరిత్ర అయ్యవారు ఫినీషియన్ల మీద రాసిన పుస్తకం అచ్చుకు తెచ్చి ఇచ్చారు.

"ఎవురు సార్ వీళ్ళు?" అన్నాను.

"ఓడల మీద తిరిగిన యాపారస్తులబ్బా. గ్రీకులు అక్షరాలు నేర్చుకునింది వీళ్ళ దగ్గరే. మన బ్రాహ్మి లిపి గూడా ఆ దోవనే వచ్చిందని కొందరు పండితులంటారు. నీ కేసులో ఉండేది వాళ్ళ సొమ్మేనేమో సూడు!" అని నవ్వారు. కేసు అంటే మేము అక్షరాలు పోసుకునే గళ్ళ చెక్కపెట్టె.

ఆయనకు చూపు పోతోంది. ఆపరేషన్‌కు లొంగే జబ్బు కాదన్నారట డాక్టర్లు. కళ్ళుండగానే పుస్తకం చూసుకోవాలని ఆయన ఆరాటం. నా తిప్పలు నావి. పెళ్ళి పత్రికల్లో ఫిబ్రవరికి తప్ప 'ఫి' ఎక్కడొస్తుంది? మా దగ్గర ఉన్నవి నాలుగే, ఆయనకేమో వరుసకొకటి కావాలి. మద్రాసు నుంచి తెప్పించి ఎనిమిది పేజీలు పేర్చాను. ప్రూఫు, అంటే తప్పులు దిద్దుకునే తొలి ముద్ర, ఆయన చేతికిచ్చాను. అంతలో ముహూర్తాలు ముంచుకొచ్చాయి. మిగతా రాతప్రతిని మిషను పక్కన పెట్టి పత్రికల్లో పడ్డాను.

ఆయన పొదుపరి. ఉన్న ఒక్క ప్రతినీ పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసుకొచ్చారు. రోలర్ల మీది సిరా తుడవడానికి మేము చిత్తుకాగితాలే వాడతాం. ఆయన రాతప్రతి కట్ట బోర్లా పడి ఉంది. పైన పిల్లల జవాబులు, ఎర్రసిరా మార్కులు. వెనక రాత ఉందని తెలిసినవాణ్ణే, ఒక్కసారి తిప్పి చూస్తే సరిపోయేది. వారం రోజులు ఆ కాగితాలతోనే నా చేతులతో నేనే సిరా తుడిచి పారేశాను.

దిద్దిన ప్రూఫులతో ఆయన వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన బల్ల పట్టుకున్నారు.

"ఆ ఫినీషియన్ల పుస్తకాలు గూడా మనదాకా రాలేదబ్బా. అందరికీ అక్షరాలిచ్చినారు. వాళ్ళ కథ మాత్రం పక్కోళ్ళు రాస్తే తెలుసుకోవాల్సి వచ్చింది."

"మీరు చెప్పండి సార్, నేను రాస్తా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఎన్ని పుస్తకాలు సదివితే రాసింది నాయనా అది! మల్లా సదవాలంటే నాకు కండ్లు యాడుండాయి?"

మిగిలిన ఎనిమిది పేజీలే అచ్చువేసి, అట్ట కుట్టి పుత్తూరు తీసుకెళ్ళాను. అప్పటికి ఆయనకు వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. అక్షరాలు కాగితంలోకి దిగినచోట వేలితో తడుముకుంటూ కూర్చున్నారు. ఆయన భార్య పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పదేండ్లు కూర్చోని రాస్తిరే, ఇంతేనా?"

నేను నోరు తెరవబోయాను. ఆయన నా చెయ్యి వెతికి పట్టుకుని గట్టిగా నొక్కారు.

"ఇంతేలే. నేను రాసిందే అంత."

ఆ తర్వాత ఎంత తొందరలోనైనా ఏ కాగితాన్నీ రెండో వైపు చూడకుండా పారేయలేదు. పనిలో ఆ జాగ్రత్త నేర్చుకున్నాను. ఆయన భార్యకు నిజం చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. పదేళ్ళలో తన భర్త రాసింది ఎనిమిది పేజీలేనని ఆమె పోయేదాకా నమ్మింది. నేను నమ్మనిచ్చాను.