వెండి జరీతో వేసిన ముడి

మా ఇల్లు తగలబడకుండా ఎలా మిగిలిందో నాకిప్పటికీ అర్థం కాదు. తగలబెట్టడానికి నా వంతు కృషి నేను చేశాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పట్లో నన్ను చూసి నవ్వడానికి కూడా ఇంట్లో మనిషి లేదు.

గద్వాలలో చీరలు నేయడం మా పని. మా అత్త తుంటి ఎముక విరిగి మంచం పడితే, నా భార్య లక్ష్మి పుట్టిల్లు కోడేరుకు వెళ్లింది. వారంలో వస్తానంది. వానాకాలం దాటి చలికాలం వచ్చింది. మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. అలవాటుకొద్దీ అన్నం ఇద్దరికి వండి, మిగిలింది పొద్దున తినేవాణ్ణి. పోగు తెగితే ఆ పోగుతోనే మాట్లాడేవాణ్ణి. ఒంటరితనం మనిషిని అంత పని చేస్తుంది.

నాది బటన్ల ఫోను. లక్ష్మి ముఖం కనపడేది మా మేనల్లుడు వదిలేసిపోయిన పాత ల్యాప్‌టాప్‌లోనే. అది మా అత్తకంటే ముందే మంచం పట్టింది. బ్యాటరీ చచ్చింది, ఛార్జింగ్ పోర్టు వదులైంది. వైరు కింద మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఎత్తు పెట్టి, ఊపిరి బిగపట్టి కూర్చుంటేనే తెర వెలిగేది. నేను తుమ్మితే లక్ష్మి మాయం.

"జర షాపుల ఇయ్యరాదు?" అనేది.

"ఇస్తే వారం ఉంచుకుంటరు. గన్నొద్దులు నీ మొఖం ఎట్ల చూడాలె?"

అన్నానో లేదో తెర ఆరిపోయేది.

ఒక సాయంత్రం నాకు రోషం వచ్చింది. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగుకూ కలిపే చేతులివి, రెండు తీగలు కలపలేవా? మూత విప్పాను. పోర్టు వెనక తీగలు వదులై వేలాడుతున్నాయి. నూలుతో కడితే తెగుతుంది, పట్టయితే జారుతుంది. అందుకని అంచు కోసం తెచ్చిన అసలు జరీ తీసి, పోర్టుకు బాసింగం కట్టినట్టు చుట్టాను. స్విచ్ వేస్తే వెలిగింది కూడా.

"గీ పూట మంచిగ కనవడుతున్నవ్," అంది లక్ష్మి. "నీకో మాట చెప్పాలె. కోపం జేయొద్దు."

తెర మినుకుమంది. ఆ మాట ఎక్కడ తప్పిపోతుందోనని భయమేసి, జరీ కొస పట్టుకొని ఇంకాస్త బిగించాను.

టప్పుమని నిప్పురవ్వలు లేచాయి. పొగ కమ్మింది. ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటైంది. నా కేకకు ఎదురింటి నర్సింలన్న టార్చి పట్టుకొని వచ్చి, ముడి చూసి అక్కడే కూలబడ్డాడు.

"దేంతోని కట్టినవ్‌ర?"

"జరీతోని."

"అసలు జరీనా?"

"అసలుదే అన్నా, వెండి ఉంటది," అన్నాను, చీర కొనేవాళ్లకు చెప్పే గొంతుతో.

"వెండిల కరెంటు పారదార?"

ఇన్నేళ్లుగా ప్రతి చీరకూ చెప్పిన మాట నా బుర్రకు ఆ రోజే ఎక్కింది. అంతలో నా ఫోను మోగింది. నర్సింలన్నే తీశాడు. "నీ మొగుడు మంచిగనే ఉన్నడమ్మా, పెట్టెనే కాలింది," అని చెప్పి ఇంటికి పోయాడు. నేను చీకట్లో కూర్చున్నాను. ఆమె చెప్పబోయిన మాట ఏమిటో అడగడానికి ధైర్యం చాలలేదు. ఇక రానంటుందేమోనని నా భయం.

మర్నాడు ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు లక్ష్మి దిగింది, వెనక ఊతకర్రతో మా అత్త దిగింది.

"నిన్న ఏం చెప్పబోయినవ్?" అన్నాను.

"ఇంగో రెండు నెలలు ఉంటనని. అమ్మను ఒక్కదాన్నే ఎట్ల ఇడిసిపెట్టాలె?"

"మరి ఎట్ల వచ్చినవ్?"

"నిన్ను ఇడిసిపెడితే ఇల్లే ఉండేటట్టు లేదు. అందుకే అమ్మనే తోలుకొచ్చిన."

మా అత్త మాడిన ల్యాప్‌టాప్‌ను కర్రతో పొడిచి చూసి, "గిదేనా మా అల్లుని పనితనం?" అంది. ఆ పూట నేను వండిన అన్నం ముగ్గురికి చాలలేదు. లక్ష్మి విసుక్కుంటూ మళ్లీ వండింది. ఆ విసుగు విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

కాబట్టి, మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట జరీ పట్టుకొని ఏ కరెంటు వస్తువు జోలికీ పోను. లక్ష్మి ఇంట్లో ఉన్నన్నాళ్లు.