నడుముకు పిస్టల్, పిస్టల్‌కు పసుపు

ప్యాంటు జారిపోవడం దగ్గర మొదలుపెట్టాలి. నడుముకు పిస్టల్ పెట్టుకుని తిరిగే మనిషి అనగానే సినిమాలు చూసినవాళ్లు ఏవేవో ఊహించుకుంటారు గానీ, అతని జీవితంలో సగం ప్యాంటు పైకి లాక్కోవడంతోనే సరిపోతుంది. నాది అరచేతిని కొంచెం మించిన బుల్లి పిస్టలే. అయినా తూటాలు నింపితే చిన్న పొత్రమంత బరువు తూగుతుంది. మామూలు బెల్టు దాన్ని మోయలేదు. అందుకని బద్ద పెట్టి కుట్టిన మందపాటి బెల్టు ఒకటి కొన్నాను. దాన్ని చూసి మా ఆవిడ, "ఎద్దుకు కట్టాల్సింది తెచ్చి మీకు అంటగట్టారు" అంది.

అమెరికాలో మేముండే ఈ అల్ఫారెట్టాలో, ఈ వయసులో నీకు పిస్టల్ ఎందుకయ్యా అని అడగనివాడు లేడు. మా కాలనీలో జరిగే అతి పెద్ద ఘోరం ఏమిటంటే, ఎవరో చెత్తడబ్బా ఒకరోజు ముందే వీధిలో పెట్టడం. అది నాకూ తెలుసు. కానీ అడిగేవాళ్లంతా ఎయిర్ కండిషన్ ఆఫీసుల్లో పని చేసి రిటైరయినవాళ్లు. నేను ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. బావమరిది స్పాన్సర్ చేస్తే వచ్చి, హైవే పక్కన గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోలు బంకు, నడిపాను. ఇంగ్లీషు ఆ కౌంటర్ వెనకే నేర్చుకున్నాను. మర్యాదగా మాట్లాడేవాళ్ల ఇంగ్లీషు పగటిపూట, తిట్లు సాయంత్రం పూట.

ఆ కౌంటర్ కింద ఒక పాత పిస్టల్ ఉండేది. గ్యాస్ స్టేషన్ అమ్మినతను ఫ్రిజ్జులతో పాటు దాన్నీ కాగితాలు రాసి అప్పగించి వెళ్లాడు. ఇటుకంత ఉండేది. ఒకనాడు ఒకడు జాకెట్ జేబులో చెయ్యి పెట్టుకుని వచ్చి, గల్లాపెట్టెలోది తియ్యమన్నాడు. తీసి ఇచ్చాను. పిస్టల్ ఆ చివర, లాటరీ టికెట్ల కింద ఉంది. నేను ఈ చివర, కాఫీ మెషీన్ దగ్గర ఉన్నాను. వాడు వెళ్లాక నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, ఆ చివరకూ ఈ చివరకూ మధ్య ఉన్న దూరం మీద. తుపాకీ అంటూ ఉంటే ఒంటి మీద ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు అని ఆ రోజు అనుకున్నాను. ఇటుకను అమ్మేసి చిన్నది కొన్నాను. లైసెన్సు తీసుకున్నాను. ఇన్నేళ్లలో దాన్ని మనిషి ముందు బయటికి తియ్యవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. అది నా ప్రతాపమేమీ కాదు, అదృష్టం.

కొన్నది కొన్నట్టు వాడడం నాకు చేతకాదు. చొక్కా అయినా సరే, గుండీలు మార్చి గానీ తొడగను. పిస్టల్‌ను కూడా నా ఒంటికి తగ్గట్టు చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. దాన్ని పెట్టుకునే తొడుగును హోల్‌స్టర్ అంటారు. పొట్ట ముందు పెట్టుకునే రకం బాగుంటుందని కొట్టువాడు చెప్పాడు. వాడికి పొట్ట లేదు. నేను పెట్టుకుని కారులో కూర్చుంటే పిస్టల్ కాస్తా డొక్కలో గుచ్చుకుని పప్పన్నం పైకి వచ్చింది. పక్కకు మార్చాను. వెనక్కి జరిపాను. తోలుది కొన్నాను, ప్లాస్టిక్‌ది కొన్నాను. కుడి తుంటికి కాస్త వెనకగా కుదిరేసరికి నా సొరుగు నిండా పనికిరాని తొడుగులే.

తర్వాత పట్టు. చెమటకు జారుతోందని పిడి చుట్టూ గరుకు టేపు అంటించాను. దెబ్బకు నా బనియన్లన్నీ కుడివైపు చిల్లులు పడ్డాయి. వాటిని ఆరేస్తూ మా ఆవిడ, "ఇంట్లో ఎలుక దూరింది, దాని లైసెన్సు మీ పర్సులోనే ఉంది" అంది. బనియన్‌కు తగిలే వైపు టేపు పీకేశాను. శుక్లాలు తీయించుకున్నాక గురి చూసుకోవడానికి గొట్టం చివర ఉండే తెల్ల చుక్క ఆనడం మానేసింది. దాని స్థానంలో ఆకుపచ్చగా వెలిగే పుల్ల పెట్టించాను. ఎండలో మిణుగురులా మెరుస్తుంది. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోలేదు. దాన్ని మెత్తగా చేయించుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. తొందరపడి పేలే తుపాకీ, తొందరపడి పేలే నోరు, రెండూ ఒక్కటే. రెండోది నాకు ముందే ఉంది.

నా నోటి సంగతి మా పక్కింటి రిటైర్డ్ ఇంజనీరును అడగాలి. మా ఇద్దరివీ పక్కపక్క తాలూకాలు కాబట్టి బావగారూ అంటే బావగారూ అనుకుంటాం. ఆయన నన్ను చూసి సరదాపడి ఒక పిస్టల్ కొన్నాడు. కొన్న రోజున పెట్టెతో సహా దేవుడి అలమరలో, అష్టోత్తరం పుస్తకం వెనక పెట్టి తాళం వేశాడు. ఒకసారి రేంజ్‌కు, అంటే కాల్చడం సాధన చేసే చోటికి, తీసుకెళితే ఆయన పిస్టల్‌లో తూటా ఇరుక్కుంది. పైన ఉండే స్లయిడ్‌ను గట్టిగా వెనక్కి లాగి దులిపితే పోయేది. ఆయన దాన్ని పట్టుకుని, చంటిపిల్ల బట్ట తడిపినప్పుడు మగవాడు చూసినట్టు చూశాడు.

"బావగారూ, వినండి" అన్నాను, నలుగురిలో, గట్టిగా. "ఇరుక్కున్నది తనంతట తాను తీసుకోలేనివాడు తుపాకీ నడుముకు కట్టకూడదు. మీరు మోసేది ఆయుధం కాదు, అప్పడాల కర్ర."

"అప్పడాల కర్ర అయితే మా ఇంట్లో వాడేవాళ్లున్నారు లెండి" అని నవ్వేశాడు పాపం. నేను మాత్రం ఆ సూత్రాన్ని తర్వాత గుడి దగ్గర, కమ్యూనిటీ వనభోజనాల్లో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ వినిపించాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. పక్క ఊళ్లో ఉంటుంది. కాల్చడం దానికి నేనే నేర్పాను. నాకంటే బాగా కాలుస్తుంది, ఆ మాట దానితో ఎప్పుడూ అనలేదు. మొన్న నవరాత్రుల్లో ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. ఆవకాయ సీసా మూత తిప్పలేక నేను గుడ్డ పెట్టి, మోకాళ్ల మధ్య బిగించి కుస్తీ పడుతుంటే చూసింది. తీసుకుని, ఒక్క తిప్పు తిప్పి నా ముందు పెట్టింది.

"నాన్నా, నీ థంబ్ చూపించు."

"బొటనవేలికి ఏమైంది? భేషుగ్గా ఉంది."

"స్వెల్లింగ్ ఉంది. నువ్వు స్లయిడ్ ఎలా లాగుతున్నావు?"

"లాగుతున్నాను. అలవాటు."

"ఓకే, సీరియస్‌గా చెప్తున్నాను. సాటర్డే రేంజ్‌కి వెళ్దాం. నువ్వు అన్నీ నీట్‌గా చేశావనుకో, నేను మళ్లీ అడగను. చేయలేకపోతే, గన్ నా సేఫ్‌లోకి వస్తుంది. డీల్?"

"ఆ పని ముందు చెయ్యండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేర్పినవాడికి పరీక్షట! తల్లీకూతుళ్లు ఒకటై నన్ను ముసలివాణ్ని చేసి కుర్చీలో కూర్చోబెడదామని చూస్తున్నారు. ఈ రోజు పిస్టల్ అంటారు, రేపు కారు తాళాలంటారు, ఎల్లుండి కూర తరిగే కత్తి కూడా ఇవ్వరు. "డీల్" అన్నాను. పక్కింటాయన్ను సాక్షిగా తెస్తానని కూడా అన్నాను. నోరు కదా.

శుక్రవారం ఆయుధ పూజ అయింది. మా ఇంట్లో ఏటా శ్రద్ధగా చేస్తాం. కారుకు నిమ్మకాయలు, మిక్సీకి బొట్టు, నా స్క్రూడ్రైవర్ల పెట్టెకు పూలు. పిస్టల్‌లోంచి తూటాలన్నీ తీసి, ఒకటికి రెండుసార్లు చూసి, అమ్మవారి ముందు పళ్లెంలో పెట్టాను. పరీక్షకు ముందు ఆశీర్వాదం మంచిదే కదా అనుకున్నాను. స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ పసుపు తడిపి, గడపకు పూసినట్టు దానికి నిండుగా పూసింది. పైన కుంకుమ బొట్లు, అక్షింతలు. పేలిన తూటా తాలూకు ఖాళీ డొప్ప బయటికి ఎగిరే కిటికీ లాంటి సందు ఒకటి ఉంటుంది. అందులోకి కూడా పసుపు దిగింది.

"ఓసి నీ భక్తి బంగారం గానూ! అది ఇత్తడి చెంబా?"

"ముట్టుకోకండి. రేపు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

నిజమే, కదపకూడదు. అది మా అమ్మ దగ్గర్నుంచి వస్తున్న ఆనవాయితీ. తుపాకీల గురించి ఎవరికైనా ఎదురు చెబుతాను గానీ పూజ దగ్గర మా ఆవిడకు చెప్పను. రాత్రంతా పసుపు హాయిగా ఆరింది. పొద్దున ఉద్వాసన చెప్పి మంత్రాక్షతలు తీసేసరికి మా అమ్మాయి వాకిట్లో హారన్ కొట్టింది. ఉత్తరీయంతో పైపైన తుడిచి పెట్టెలో పెట్టుకుని బయల్దేరాను. వెనక సీట్లో మా బావగారు ప్రసాదం పొట్లంతో సహా సాక్షిగా కూర్చున్నాడు.

మొదట బ్రహ్మాండంగా సాగింది. ఆకుపచ్చ మిణుగురు గురి కాగితం మధ్యలో నిలిచింది, తూటా అక్కడికే వెళ్లింది. రెండోదీ అంతే. వెనక్కి తిరిగి అద్దం అవతలున్న బావగారి వైపు కనుబొమ్మలు ఎగరేయాలనిపించింది గానీ, తుపాకీ చేతిలో ఉండగా తిరగకూడదని ఆగాను. మూడోది పేలాక స్లయిడ్ సగంలో ఆగిపోయింది. ఖాళీ డొప్ప పసుపు ముద్దలో కూరుకుని నిక్కబొడుచుకుంది.

లాగాను. రాలేదు. బొటనవేలు మొదట్లో సూదితో పొడిచినట్టయింది. మళ్లీ లాగాను. చెమటకు పసుపూ కుంకుమా కరిగి వేళ్ల మీదుగా కారాయి. అక్కడ పర్యవేక్షణకు నిలబడే తెల్లతను పరుగున వచ్చాడు.

"సర్! బ్లీడ్ అవుతున్నారా?"

"నో, నో. పూజా."

అతనికి ఏమి అర్థమయిందో తెలియదు. మా అమ్మాయి పిస్టల్ అందుకుని, గొట్టం కాగితం వైపే ఉంచి, ఒక్క లాగు లాగింది. డొప్ప ఎగిరి పడింది, వెనకాలే రెండు అక్షింతలు కూడా రాలాయి. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాన్నా, అమ్మ నీ గన్‌ని పులిహోర చేసింది! ఇది నీ ఫాల్ట్ కాదు. క్లీన్ చేద్దాం, మళ్లీ స్టార్ట్ చెయ్యి."

బల్ల మీద విప్పి శుభ్రం చేశాం. బ్రష్షుతో తోముతుంటే పసుపు తూటామందు మసితో కలిసి ఊరగాయ నూనెలా దిగింది. మళ్లీ కాల్చాను. ఒక్కటి తప్పలేదు, ఒక్కటి ఇరుక్కోలేదు. "పాస్!" అని మా అమ్మాయి భుజం తట్టింది. బావగారు లోపలికి వచ్చి, "అదరగొట్టారు బావగారూ" అన్నాడు. ఆయన ఆ రోజు అప్పడాల కర్ర మాట ఎత్తి ఉంటే నేను పోట్లాడి, పిస్టల్ పెట్టుకుని ఇంటికి పోయేవాణ్నే. ఎత్తలేదు. ఆ మర్యాదే నన్ను చంపింది.

"నకిలీ తూటా ఉందా?" అని అడిగాను మా అమ్మాయిని. ఇరుక్కుంటే తీయడం సాధన చేయడానికి మందులేని తూటాలుంటాయి. "కలిపి పెట్టు. ఎన్నోదో నాకు చెప్పకు."

"నాన్నా, నువ్వు పాస్ అయ్యావు."

"అది నీ పరీక్ష. ఇది నాది."

పెట్టి ఇచ్చింది. కాలుస్తుండగా టిక్కుమని ఆగింది. శుభ్రమైన పిస్టల్, పసుపు లేదు, సాకు లేదు. స్లయిడ్ లాగాను. కొంచెం కదిలి మళ్లీ ముందుకు పోయింది. ఈసారి ఒళ్లంతా కూడదీసుకుని, పొట్టకు ఆనించి లాగాను. వచ్చింది. వచ్చింది గానీ, నా భుజం మీద ఒక చెయ్యి బరువుగా వాలింది. ఆ తెల్లతను. "మజిల్, సర్" అన్నాడు నెమ్మదిగా, అంటే గొట్టం మొన ఎటుందో చూసుకోమని. చూసుకుంటే గొట్టం కాగితం వైపు లేదు. పక్క వరసలో ఒక అమ్మాయి కాలుస్తోంది, దాదాపు ఆ వైపుకు తిరిగి ఉంది. నాకు తెలియనే లేదు.

పిస్టల్ బల్ల మీద పెట్టాను. తూటాలు తీశాను. స్లయిడ్ వెనక్కి నిలపడానికి మళ్లీ మా అమ్మాయే కావలసి వచ్చింది. బెల్టు వదులు చేసి హోల్‌స్టర్ కూడా ఊడదీసి దాని పక్కన పెట్టాను.

"ఇరుక్కున్నది తీసుకోలేనివాడు కట్టకూడదు" అన్నాను. "చెప్పింది నేనే. బావగారు సాక్షి."

బావగారు ప్రసాదం పొట్లం విప్పి నా చేతిలో ఇంత చక్కెర పొంగలి పెట్టాడు. అంతకంటే ఏమీ చెయ్యలేదు. ఆయన్ను అనవసరంగా నలుగురిలో అన్నాను. ఇంజనీరే గానీ మంచివాడు.

తిరుగు ప్రయాణంలో కుడి తుంటి ఎంత తేలికగా ఉందంటే, కారు ఎడమకు వాలుతున్నట్టు అనిపించింది. మా అమ్మాయి నడుపుతూ నడుపుతూ, "ఆ గ్రీన్ థింగ్ అగ్లీగా ఉంది, మార్చేస్తాను" అంది. ఇంక ఊరుకోలేకపోయాను. ఆకుపచ్చకూ ఎరుపుకూ తేడా ఏమిటి, సాయంత్రం వెలుగులో ఏది ఆగుతుంది, పిడి వెనక బద్ద దాని చిన్న చేతికి ఎందుకు ఎక్కువ లావు, టేపు ఏ వైపు ఉండాలి, ఏ వైపు ఉంటే బట్టలు చిరుగుతాయి, అంతా ఇల్లు చేరేదాకా చెప్పాను. "అయితే నువ్వే చేసిపెట్టు" అంది. చేసిపెట్టేదాకా దాని సేఫ్‌లోకి పోదని ఒప్పందం. ఈ పని తొందరలో అయ్యేది కాదని నేను దానికి చెప్పలేదు.

ఇంటికి రాగానే మా ఆవిడను నిలదీశాను. "నిజం చెప్పు. ఆ సందులోకి కావాలనే పూశావా?"

"అమ్మవారికి తెలుసు ఎక్కడ పుయ్యాలో" అంది, పప్పు తిరగమోత వేస్తూ.

ఇప్పుడు ఆ పిస్టల్ ఖాళీగా నా బల్ల మీద ఉంది. నిన్న పిడి వెనక బద్ద మార్చి, మా అమ్మాయిని చెయ్యి పెట్టి చూడమన్నాను. ఇంకా వెంట్రుకవాసి ఎక్కువైంది. వచ్చే వారం మళ్లీ రమ్మన్నాను. మందపాటి బెల్టు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ప్యాంటు ఇప్పుడు జారడం లేదు.