మోకాలికి తిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నడిచే మనిషి మా నాయనమ్మ. ఝరాసంగం దగ్గర మా ఊళ్లో, జొన్నకోతకు ముందు ఆమె చేనంతా తిరిగి, విత్తనానికి పనికొచ్చే కంకులకు పాతచీర పేలికలు కట్టేది. వాటిని విడిగా కోసి, బూడిద, వేపాకు కలిపి బుట్టలో దాచేవాళ్లు. మరుసటేడు మా రొట్టె ఆ బుట్టలోంచి రావాల్సిందే. ఏది మంచి కంకో ఆమె కంటికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

అలాంటిది, పంతొమ్మిది వందల డెబ్బైల చివర ఒక ఏడాది వానలు వెనకబడేసరికి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. లేస్తే మోకాళ్లు కరకరమనేవి. కీలులో ఎముకల మధ్య ఉండే నున్నటి పొర అరిగిందని జహీరాబాద్ దవాఖానలో చెప్పారు. అరిగిందన్న మాట చాలు ఆమెకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇసుర్రాయి తిప్పిన మనిషి, అరుగుడంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా! తిప్పకపోతే రాయి అరగదు, నడవకపోతే మోకాలు అరగదు. మిగిలిన కాస్తా కోతల నాటికి దాచుకోవాలని, మంచినీళ్ల చెంబు కూడా మా అమ్మతోనే తెప్పించుకునేది.

దాచుకున్నకొద్దీ కాళ్లు బిగుసుకుపోయాయి. గడప దాటాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. చేను కంకి పట్టిందని బాపు చెప్పిన రోజు పేలికల మూట ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, హైదరాబాదులో కీళ్ల మీద పరిశోధన చేసే డాక్టర్ల దగ్గర పనిచేసేవాడు. కబురందుకుని ఆదివారం వచ్చాడు. రాగానే తల్లి కాళ్లు చూడకుండా సంచి పట్టుకుని మటన్ దుకాణానికి పోయాడు. కొడుక్కి కూర మీదే ధ్యాసని నాయనమ్మ మూతి ముడుచుకుంది.

అతను తెచ్చింది మేక మోకాలు. కడిగి పళ్లెంలో పెట్టాడు. ఎముక చివర ఆ నున్నటి పొర ఉడికిన గుడ్డులా తెల్లగా మెరుస్తోంది. నన్ను బొటనవేలితో నొక్కమన్నాడు. కొంచెం దిగినట్టే దిగి మళ్లీ లేచింది.

"అవ్వా, ఇసుర్రాయికి తిండి వద్దు. దీనికి కావాలె. దీని లోపలికి నెత్తురు రాదు. కీల్ల ఉండే జిగట నీళ్లే దీని తిండి. నడిస్తే నొక్కుకుంటది, కాలు లేపితే పీల్చుకుంటది. నువ్వేమో పస్తు పండబెట్టినవ్" అన్నాడు.

నాయనమ్మ నమ్మలేదు. అతను ఆ ఎముకను ఎండలో గోడ మీద పెట్టాడు. సాయంత్రానికి అది పసుపుపచ్చబడి గట్టిగా బిగుసుకుంది. ఆమె దాన్నీ తన కాళ్లనూ మార్చి మార్చి చూసుకుంది. అప్పుడు చిన్నబాపు నవ్వేశాడు. "నీ మోకాలు గిట్ల ఎండదు తియ్యి. జర భయపెడదామని పెట్టిన." ఆమె వీపు మీద ఒక్కటి వేసింది.

తర్వాత మాత్రం నవ్వకుండా నిజం చెప్పాడు. అరిగినదాన్ని మళ్లీ మొలిపించడం ఇంకా ఎవరికీ చేతకాలేదట, వెతుకుతున్నారట. నాయనమ్మ ఒకటే అడిగింది.

"ఉన్నది సాలుతదా బిడ్డా, చేన్లకు పోనీకి?"

"సాలుతది."

ఆ మాటకు ఆమె మొహం విప్పారడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఉన్న రెండు రోజులూ చిన్నబాపు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టి కాలు చాపించేవాడు. తొడ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందట. అతను పోయాక ఆ పని నాది. కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు, వాపు వస్తే ఆగడం, తగ్గాక మళ్లీ. తిట్టుకుంటూనే నడిచేది.

కోతలప్పుడు కర్రతో చేనుకు వచ్చింది. కాసేపు తిరిగి, కాసేపు గట్టు మీద కూర్చుని, పేలికలన్నీ కట్టింది. నొప్పి పోలేదు, బెంగ పోయింది. ఇంటికొచ్చి కాళ్లకు వేన్నీళ్ల కాపడం పెట్టించుకుని, గురక పెట్టి నిద్రపోయింది. ఆ గురక విని మా బాపు నవ్వుకున్నాడు.

ఇప్పుడు నా మోకాళ్లదీ అదే కరకర. మొన్న డాక్టరు అరిగిందనగానే నా కోడలు కుర్చీ తెచ్చి వేసింది, ఇక కదలొద్దని. పోయిన పొరను పూర్తిగా తెచ్చే మందు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారట. వెతకనీ. నేను డాక్టరును నాయనమ్మ అడిగిందే అడిగాను, చిన్నబాపు చెప్పిందే ఆయనా చెప్పాడు.

పొద్దున్నే కాలికి కట్టుకున్న ఇసుక సంచి విప్పి చెప్పులేసుకుంటుంటే కోడలు కంగారుగా ఎక్కడికని అడుగుతుంది. మోకాళ్లకు తిండి పెట్టి వస్తానని చెప్పి బయటికి నడుస్తాను.