కల్లు కాదు, కళ్ళు

దక్షిణాఫ్రికాలోని డార్నల్‌కు నేను లెక్కల టీచరుగా రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చాను. అన్ని రంగుల వాళ్ళూ కలిసి మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడు అది. బడిలో జులూ పిల్లలు, ఇండియన్ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చోవడం ఊరందరికీ వింత. నాకు మాత్రం దేనిమీదా ఆసక్తి లేదు. పాఠం చెప్పడం, ఇంటికొచ్చి క్యాలెండర్‌లో ఆ రోజును కొట్టేయడం, అంతే.

ఊళ్ళోని తెలుగువాళ్ళ హాల్లో జరిగే ఆదివారం భజనకు వెళ్ళింది భక్తితో కాదు, నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడతాయని. పాట ఎత్తుకునేది డెబ్బై దాటిన ఒక అవ్వ. ఎప్పుడో ఇండియా నుంచి ఇక్కడి చెరుకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళ మనవరాలు. చేతిలో నోటు పుస్తకం, అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాటలు. "మా కల్లు తెరువవమ్మా" అని ఆమె అందుకుంది. కళ్ళు అనాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే మరి. నాకు నవ్వాగలేదు. నోరు ఊరుకోక, కల్లంటే తాగేదని అందరికీ ఇంగ్లీషులో చెప్పాను కూడా. హాలంతా పగలబడి నవ్వింది. అవ్వ పుస్తకం మూసేసింది.

తర్వాత మూడు ఆదివారాలు ఆమె రాలేదు. ఆ పాటలు ఇంకెవరికీ రావు. క్యాసెట్ పెట్టి కానిచ్చారు. తలవంపులుగా అనిపించి నాలుగో శనివారం ఆమె ఇంటికి వెళ్ళాను. కోతకు ముందు తోటలు తగలబెడితే ఎగిరొచ్చిన చెరుకు మసిని, తీగ మీద ఆరేసిన చీరల నుంచి దులుపుతోంది.

"తప్పయింది అవ్వా."

"నవ్వేసినావు కదా టీచర్. మాయమ్మ నోటితో చెప్పింది నాకు. అమ్మ పోయినాక మర్చిపోతానని ఇంగ్లీష్‌లో రాసుకున్నాను. తెలుగు స్కూల్ ఎక్కడ ఉంది మాకు?"

పుస్తకం అడిగి తీసుకుని, ఆ మాట కింద తెలుగులో రాసి, నెమ్మదిగా చదివాను. "కళ్ళు."

ఆమె చెయ్యి ఆగింది. "మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"అమ్మ ఇలాగే అనేది," అంది. కళ్ళనిండా నీళ్ళు. "యాభై ఏళ్ళయింది, ఈ సౌండ్ ఇనలేదు."

అన్నేళ్ళు లెక్కలు చెప్పినా కలగని సంతోషం ఆ వాకిట్లో కలిగింది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆమె నాకు పాట చెప్పేది, నేను ఆమెకు అక్షరాలు దిద్దించేదాన్ని. 'ళ' రాయడం జిలేబీ చుట్టడం కన్నా కష్టమని విసుక్కునేది.

నా ఒప్పందం ఇంకో రెండు నెలలు ఉందనగా ఆమె మళ్ళీ భజనకు వచ్చింది. పాటలో ఆ మాట దగ్గర నా వంక ఒకసారి చూసి, "కళ్ళు" అని స్పష్టంగా పాడింది. వెనక అందరూ పాత అలవాటు కొద్దీ "కల్లు" అన్నారు. ఈసారి పడీ పడీ నవ్వింది అవ్వే.

"వీళ్ళకి ఎవరు చెప్తారు టీచర్? నువ్వు ఎళ్ళిపోతావు కదా?"

వెళ్ళలేదు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేయడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు.