సముద్రానికి పెట్టిన బగారన్నం

రెండు పుల్లలు, ఒక కొలత టేపు. ఇవి చాలు, అక్క పరువు నీళ్ళలో ముంచడానికి. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

మాది భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. బడి మధ్యలోనే మానేసినా గోడ చూసి ఇటుకలెన్నో, కుప్ప చూసి బస్తాలెన్నో చెప్పేవాణ్ణి. ఆ గర్వం బాగా ముదిరిన రోజుల్లో అక్క తన కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు పిలిచింది. ఆమె అత్తగారి ఊరు సముద్రానికీ ఉప్పుటేరుకీ నడుమ తాడులా సాగిన ఓ ఇసుక దీవి. అంతా చేపల వేట మీద బతికేవాళ్ళే. ఇన్నేళ్ళ కాపురంలో ఊరందరికీ ఆమె పెడుతున్న మొదటి భోజనం అది. మా పుట్టింటి బగారన్నం, మటన్ తింటే మీరు చేపల్ని మరిచిపోతారని ఇంటింటికీ చెప్పి వచ్చింది. వంట బాధ్యత నాది.

దొడ్లో పొయ్యి పెడితే గాలికి ఇసుక గిన్నెల్లో పడుతోంది. అలల వైపు తడి ఇసుక మాత్రం గచ్చులా ఉంది. పైగా నీళ్ళు వెనక్కి పోతున్నాయి. వరదొస్తే మా ఊళ్ళో అందరం చేసే పనే చేశాను. నీటి అంచున ఓ పుల్ల గుచ్చి, కాసేపాగి ఇంకోటి గుచ్చి, నడుమ దూరం కొలిచాను. ఆ లెక్కన మధ్యాహ్నానికి సముద్రం కనుచూపు దాటి, సాయంత్రానికి పక్క దేశం చేరాలి.

ఏటి అవతలి నుంచి పాస్టరు గారిని తేవడానికి పడవ తీస్తున్న బావ ఆగాడు.

"అక్కడొద్దు బామ్మర్దీ, పోటు ఎక్కుద్ది."

"ఎట్ల ఎక్కుతది? పైన ఏడ వాన పడ్డది?"

"వానేంటి?"

"ఫోన్ల చూసిన. ఎగువన చుక్క లేదు. నీళ్ళు ఏడికెల్లి వస్తయి?"

ఆయన నన్నొకసారి, సముద్రాన్నొకసారి చూసి, "లెక్కలొచ్చినోడివి, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

గోదావరి ఒకసారి తగ్గడం మొదలుపెడితే ఎగువన వాన పడేదాకా వెనక్కి తిరగదు. సముద్రానికి ఎగువ ఉండదన్న సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆ తడి ఇసుకలోనే పొయ్యిలు పెట్టి, కూర దించి, అన్నం దమ్ముకు పెట్టి, ఇంటి ముందు ప్రార్థనలో కళ్ళు మూశాను. పాస్టరు గారి ప్రార్థన కాస్త పొడుగు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పుల్లలు లేవు, పొయ్యిలు లేవు. డేగిశాలు మాత్రం తిని వెళ్ళిపోతున్న చుట్టాల్లా మెల్లగా ఊగుతూ లోపలికి పోతున్నాయి. నడుం లోతు దాకా పరుగెత్తాను. దొరికింది ఒక్క మూత.

ఊరంతా అక్కనే చూస్తోంది. ఆమె కొత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. కొంగు తీసి నెమ్మదిగా అంది: "ఏం లేదు. మా దిక్కు ముందుగాల నీళ్ళకు పెట్టినంకనే మనుషులం తింటం."

ఎవరింటి గిన్నె వాళ్ళు మోసుకొచ్చారు. అక్క విందులో అందరం వాళ్ళ చేపల పులుసే తిన్నాం. ఆమె వడ్డిస్తూనే ఉంది. తను తిన్నదో లేదో, అన్ని లెక్కలు చూసే నేను, చూడలేదు.

దీవివాళ్ళు మాత్రం ఆమె మాట నమ్మేశారు. మొన్న క్రిస్మస్‌కు వెళ్తే, ఉడికిన మొదటి గిన్నె నా చేతిలో పెట్టి, మీ ఆచారం కానివ్వండంటూ ఆకలితో వరసగా నిలబడ్డారు. దిక్కుతోచక అక్క వైపు చూశాను.

"పోయి రా తమ్ముడా," అంది. "నీళ్ళు ఏడుంటయో నీకు ఎరుకే గద."

అందుచేత సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరి ఉండగా సముద్రపు ఒడ్డున పుల్ల ముట్టను. పళ్ళలో మటన్ ఇరుక్కున్నా సరే, భద్రాచలం వచ్చాకే తీసుకుంటాను.