దోన దగ్గర మా బావ మాట ఆపేవాడు

మా బావ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున చొక్కా తొడుక్కుంటూ తొడుక్కుంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు. రాయచెర్లులో బంధువులకు కబురు చెప్పడానికి నన్ను పంపారు. అది తప్పు. నిజం చెప్పే అలవాటున్న మనిషిని పంపాల్సింది. నీడన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నవాళ్ళు నన్ను చూడగానే నవ్వారు.

“ఈ తూరి ఎవర్ని చంపినావప్పా?” అన్నాడు ఒకాయన.

“మా బావ పోయినాడు.”

“పో పో. మొన్ననే కొండ మీద చూసినాం.”

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. అప్పుడు నమ్మారు.

పావగడ కోట చూసినవాళ్ళు మీలో ఉంటే మా బావను ఎరిగే ఉంటారు. పొడుగాటి మనిషి, భుజాన తువ్వాల, చేతిలో వేపకర్ర. ఎనభైలలో ఏళ్ళ తరబడి వాన మొహం చాటేసి చేలన్నీ మాడిపోతే, శనేశ్వరుడి గుడికి వచ్చే జనానికి కోట చూపించే పని పట్టాడు. మా అక్కకు అది పనిలాగా అనిపించలేదు. “రాళ్ళు చూపిచ్చేదానికి ఒగ మొగోడా?” అనేది. ఆయన నవ్వి కర్ర తీసుకుని వెళ్ళిపోయేవాడు.

ఊరికే తిరిగే నేను కూడా ఆయన వెంటపడి ఎక్కేవాణ్ణి. మొదటి వాకిలి దగ్గర అందర్నీ నిలబెట్టేవాడు గానీ నోరు తెరిచేవాడు కాదు. “ఆయాసంతో ఉండేవానికి కత చెప్తే, వానికి వాని గుండె తప్ప ఏమీ ఇనపడదురా” అనేవాడు. ఊపిరి కుదుటపడ్డాక, మీరేం పని చేస్తారని అడిగేవాడు. గొర్రెలు కాసేవాడైతే కోటలో మందను ఎక్కడ తోలి ఉంటారో వాడినే చెప్పమనేవాడు. తాపీ పనివాడైతే గోడ మీద చెయ్యి పెట్టమనేవాడు. వంటచేసే ఆడవాళ్ళను గింజలు దాచే పాతర దగ్గరికి తీసుకుపోయి, “ఇంతమందికి ఏం వొండుంటారుమా?” అని అడిగేవాడు. వాళ్ళే చెప్పుకుపోయేవాళ్ళు. ఆయన తలాడించేవాడు.

ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయనకు, గోడలోని కన్నం చూపించి అది పాళెగాని టెలిఫోన్ అని నేను చెప్పాను. ఆయన నమ్మాడు. దిగేటప్పుడు బావ నా పక్కన నడుస్తూ, “బామ్మర్దీ, ఆయప్ప ఊరికి పోయి పిల్లోళ్ళకి అదే చెప్తాడు గదరా. ఆ పిల్లోళ్ళు నిన్నేం చేసినారు?” అన్నాడు. తిట్టి ఉంటే మళ్ళీ చెప్పి ఉండేవాణ్ణి.

పైన బండల మధ్య ఒక దోన ఉంది. ఊళ్ళో బావులన్నీ అడుగంటినా ఆ రాతిగుంటలో నీళ్ళు నిలిచేవి. అక్కడికి చేరగానే బావ, “ఈడ కొంచేపు మాట్లాడద్దండి” అనేవాడు. తనూ నిలబడిపోయేవాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. దిగి వెళ్ళేవాళ్ళు ఆ దోన గురించే చెప్పుకునేవాళ్ళు. భలే పనితనం అనుకునేవాణ్ణి నేను.

ఆయన తమ్ముడు ఆ దోనలోనే పోయాడు. ఆ కరువులోనే, బావ ఈ పని పట్టకముందు, నీళ్ళ కోసం బిందె తీసుకుని ఎక్కి, పాచి మీద కాలు జారాడు. తరవాత కొండ కింద సోడాలమ్మేవాళ్ళు, దోనలో ఒక పిలగాడు మనుషుల్ని పిలుస్తాడని యాత్రికులకు చెప్పడం మొదలుపెట్టారు. విన్నామనేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఆ మాట బావ వాళ్ళమ్మ చెవిన పడింది. నాకు అత్త. ఆమె కోప్పడలేదు. సంగటి పళ్ళెం పక్కకు నెట్టేసి, “దారిన పోయేవాళ్ళనంతా పిలుస్తాండాడంట. నన్నెందుకు పిలవడురా? నీళ్ళకి పంపిచ్చింది నేనే గదా. వానికి నా మింద కోపం” అంది. కొండ మీదికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. పిలుపు వింటే గానీ ముద్ద ముట్టనంది.

నేను బావను పక్కకు లాగాను. “బండ ఎనకాల దాక్కొని నేను పిలుస్తా బావా. ముసిలామె మనసు నిమ్మళిస్తాది.”

“నీ గొంతు గుర్తుపట్టదేమిరా?” అన్నాడు. “వాన్ని కనిందిరా ఆమె.”

తెలియనిది తెలియదని చెప్పే మనిషి. ఆమెతో ఏం చెబుతాడో నాకు అంతుపట్టలేదు.

తెల్లారి ఆమెను కూడా అందరిలాగే ఎక్కించాడు. వాకిలి దగ్గర ఊపిరి కుదుటపడనిచ్చాడు. పాతర దగ్గర ఆమె తొంగి చూసి, “రాగులు పోసింటారు” అంది. తలాడించాడు. మా వెనక కొందరు యాత్రికులు కూడా వస్తున్నారు. దోన దగ్గర, “ఈడ కొంచేపు మాట్లాడద్దుమా” అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. చాలాసేపటికి తెరిచింది.

“నాకేం ఇనపడల్యా. నీకు?”

“నాకూ ఇనపడదుమా.”

“ఒగ తూరన్నా?”

“దినామూ వస్తాండా. దినామూ చెవి పెట్టి నిలబడ్తాండా. ఒగ తూరి కూడా ఇనపడల్యా. వాడు ఎవర్నీ పిలవలేదుమా.”

ఇన్నాళ్ళూ ఆయన జనాన్నంతా నోరు మూయించి ఏం చేస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఆమె కొడుకు మొహంలోకి అట్లాగే చూస్తుండిపోయింది.

“దీని కోసరమేనా ఈ కొండెక్కేది?” అంది.



ఆమె లేచి, ఒడ్డున పాచిపట్టిన బండ దగ్గర చతికిలబడింది. కొంగు తడిపి దాన్ని తుడవడం మొదలుపెట్టింది. పిల్లవాడికి జ్వరం వస్తే మొహం తుడిచినట్టు, మెల్లగా, మూల మూలకూ. ఎండకు బండ ఎప్పటికప్పుడు ఆరిపోతోంది. ఆమె మళ్ళీ తుడుస్తోంది. మా బావ కర్ర పక్కన పడేసి, నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలితో నీళ్ళు తెచ్చి ఆమె కొంగు మీద పోస్తున్నాడు. యాత్రికులు చెప్పులు చేతుల్లో పట్టుకుని వెనక్కి జరిగారు. కథ చెప్పమని ఎవ్వరూ అడగలేదు.