మానులో నీళ్లు

మైను సర్కారు చేతికొచ్చి ఏళ్లు గడిచినా, కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో మునిశామప్ప చెవికున్న పేరు మాత్రం తగ్గలేదు. సొరంగాల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగల్ని సుత్తితో తట్టి, మోత విని, ఏది గట్టిదో ఏది పుచ్చిందో చెప్పడం ఆయన పని. ఆ చెవి వల్లే బతికి బయటపడ్డామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాలు విరిగాక కంపెనీ ఆయన్ని పైకి తెచ్చి, దొరలు దేశదేశాల నుంచి తెప్పించి నాటిన చెట్ల తోటకు మేస్త్రీని చేసింది.

ఆ చెట్ల పేర్లు దొరలతోనే పోయాయి. వాటిని గుర్తుపట్టడానికి కోలారు నుంచి కామాక్షమ్మ అనే కాలేజీ లెక్చరర్‌ని పిలిపించారు. ఆమె ఆకు తుంచి, పువ్వు విప్పి, ఒక్కోదాని పేరు చెబుతూ పోయింది. ఎండాకాలం కావడంతో ఓ మూల లావుపాటి మాను ఒకటి ఆకన్నదే లేకుండా నిలబడి ఉంది.

"ఆకు చూడకుండా దీని పేరు చెప్పలేను. వానలు పడినాక వస్తాను, అంతవరకు ఉండనీండి" అని వెళ్లిపోయింది.

మునిశామప్పకు ఒళ్లు మండింది. చచ్చిన మానుకు ఆకెక్కడిది? సుత్తి తెచ్చి తట్టాడు. గట్టి కర్రయితే ఖంగుమనాలి. ఇది తడి బస్తాను కొట్టినట్టు పలికింది.

"లోపలంతా పుచ్చిపోయిండాది. నరికేయండి" అన్నాడు. ఆయన మాటకు ఎదురు చెప్పేదెవరు?

గొడ్డలి దిగగానే మానులోంచి నీళ్లు కారాయి. నరుకుతున్న ఆంజనప్ప చెయ్యి ఆపాడు. "అప్పా, సచ్చిన మానులో యాడివి ఇన్ని నీళ్లు? ఆపేదా?"

తన చెవి పొరబడిందని మునిశామప్పకు తెలిసిపోయింది. కానీ చుట్టూ పదిమంది చూస్తున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి. "నరుకప్పా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆ మూలకు పోలేదు. వానలు పడి మొద్దు చిగురించిందని ఆంజనప్ప చెప్పిన రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

చెప్పినట్టే కామాక్షమ్మ వచ్చింది. తోట మేస్త్రీ కాబట్టి మునిశామప్పకు ఆమె వెంట ఆ మూలకు పోక తప్పలేదు. మొద్దు పక్కన కూర్చుని, చాచిన అరచేయిలాంటి ఆకును పట్టుకుంది.

"ఇది బావోబాబ్, ఆఫ్రికా చెట్టు. ఎండాకాలం ఆకు రాల్చేసి, మానులో నీళ్లు దాచుకుంటుంది. మన జిల్లాలో ఇంకోటి నేను చూడలేదు. ఎవరప్పా నరికించింది?"

ఆంజనప్ప తలొంచుకుని, "పిడుగు పడి చీలిపోతే నరికినామమ్మా" అన్నాడు.

"ఇంగమీద ఏ చెట్టు నరకాలన్నా ముందు మునిశామప్పతో తట్టించండి. ఆయన చెవి అంత గొప్పదంట కదా!" అందామె ఆయన వైపు చూసి, నిజంగానే గౌరవంగా.

మునిశామప్పకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే పరువు దక్కేది. ఆ పరువు చూసుకునే కదా దాన్ని నరికించాడు!

"తట్టింది నేనేనమ్మా" అన్నాడు, ఆ ఆకు వంకే చూస్తూ. "పొరపాటంటే ఎవురికైనా అవుతుంది. నీళ్లు కారేది చూసినాను. చూసి కూడా ఆపమని చెప్పలేదు."